పాత చోళ్లు, మూడు ఫ్లాస్కులు

(ఒడిశాలోని రాయగడలో తెలుగు మిత్రులు పెట్టుకున్న ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

మాట మొదలుపెట్టకముందే ఒక చిన్న పని ఉంది, అది కానిచ్చేస్తాను. ఈ గిన్నెలో ఉన్నది చోడిజావ, అంటే రాగిజావ. పాత చోళ్లు విసిరి, ఇందాక ఈ హాలు వెనక వంటగదిలోనే కాచాం. గరిటె నిలబడేంత చిక్కగా ఉంది, చూడండి. థర్మామీటరు పెడుతున్నాను. 68 డిగ్రీలు. ఈ జావనే మూడు ఫ్లాస్కుల్లో సమానంగా పోస్తున్నాను. మొదటి దాంట్లో ఇంకేమీ వెయ్యను. రెండో దాంట్లో, ఈ ఏడు పండిన చోళ్లని మొలకెత్తించి, ఎండబెట్టి, పొడి కొట్టిన పిండి రెండు చెంచాలు. మూడో దాంట్లో కూడా మొలకపిండే రెండు చెంచాలు. కానీ అది నాలుగేళ్ల కిందట పొడి కొట్టింది. మూత సరిగా పట్టని డబ్బాలో మా వంటింటి అటక మీద ఉండిపోయింది. బాగా కలిపి మూతలు బిగించేశాను. నేను మాట్లాడ్డం అయ్యాక తెరుద్దాం.

పాతబడిన గింజ పనికొస్తుందా లేదా అని ఇవాళ మాట్లాడ్డానికి ఇద్దరు కారణం. ఒకరు మా మేనల్లుడు. రెండోవారు మా నాన్న.

మేనల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ ఎవరి ఇంట్లో వాళ్లు తాగడానికి బీరు కాచుకోవచ్చు, 1979 నుంచి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటోంది. వీడికి ఆ సరదా పట్టుకుంది. తర్వాత పిల్లలు పుట్టారు, ఉద్యోగం మారింది, సరదా పక్కన పడింది. మూడేళ్ల తర్వాత గ్యారేజీ సర్దుతుంటే బార్లీ మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, బస్తా ఒకటి బయటపడిందట. ఫోన్ చేసి, "మావయ్యా, ఇది పారేయనా, పనికొస్తుందా?" అని అడిగాడు. నేను బెంగుళూరులో ఒక మైక్రోబ్రూవరీలో, అంటే చిన్న బీరు తయారీ కేంద్రంలో, పదకొండేళ్లు బ్రూవర్‌గా, బీరు చేసేవాడిగా పనిచేశాను కాబట్టి నన్ను అడిగాడు.

సరిగ్గా అదే వారంలో గుణుపురంలో మా నాన్న గోదాం తాళం తీశాను. నాన్న చోళ్లు, కందులు, చింతపండు కొనేవారు. సంతల్లో కొని శ్రీకాకుళం, పార్వతీపురం వైపు పంపేవారు. ఆయన పోయాక రెండేళ్లు ఎవరం ఆ తలుపు తియ్యలేదు. లోపల చెక్కల మీద పదకొండు బస్తాల చోళ్లున్నాయి. ఒక్కో బస్తా మీద సుద్దముక్కతో సంవత్సరం వేసి ఉంది, నాన్న చేతిరాత. 2014 ఒకటి. 2019వి నాలుగు. మిగతావి ఆ తర్వాతవి. ఆయన పాతవి ఎందుకు అట్టేపెట్టారో నాకు తెలుసు. చోళ్లు ఇంట్లో ఉంటే ఇంటికి ధైర్యం అని ఆ తరం నమ్మకం. ధాన్యం పురుగు పట్టినా చోడికి అంత తొందరగా పట్టదు. గింజ ఆవగింజంత, దాని మీద పొట్టు గట్టిది, అందులో వగరు ఉంటుంది. ముక్కపురుగు పిల్ల లోపల పెరగడానికి ఆ గింజలో చోటే చాలదు. అందుకే మా తాతల కాలంలో చోళ్లని పాతరలో పోసి, కరువొచ్చిన ఏడు తీసేవారు.

ఒకడిది అమెరికాలో బార్లీ, ఇంకొకరివి గుణుపురంలో చోళ్లు. రెండింటికీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే అని నాకు అప్పుడు తోచింది. గింజ వయసెంత అన్నది కాదు ఆ ప్రశ్న. ఆ గింజతో మనం ఏ పని చేయించుకోవాలనుకుంటున్నాం, ఆ పని చేసే భాగం ఇంకా బతికుందా అన్నది.

బీరు గురించి తెలియనివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. సారా వేరు, బీరు వేరు. బీరంటే గింజని నానబెట్టి, పులియబెట్టిన పానీయం, బట్టీ పెట్టి ఆవిరి పట్టేది కాదు. పులియబెట్టేది ఈస్ట్. ఈస్ట్‌కి పంచదారలాంటి తీపి కావాలి, పిండిని అది తినలేదు. గింజలో ఉన్నదేమో పిండి. మరి పిండిని తీపిగా మార్చేది ఎవరు? ఆ గింజే. గింజని తడిపితే అది మొలకెత్తాలనుకుంటుంది. మొలకకి తిండి కావాలి కాబట్టి తనలో దాచుకున్న పిండిని కరిగించుకోవడానికి ఎంజైములు తయారు చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడు మనం మొలకని ఎండబెట్టి ఆపేస్తాం. దాన్నే మాల్టు అంటాం. తర్వాత దాన్ని మర పట్టి, 65 డిగ్రీల చుట్టూ ఉన్న వేడినీళ్లలో గంటసేపు ఉంచితే, నిద్రపోతున్న ఎంజైములు లేచి పిండిని తీపిగా మార్చేస్తాయి. ఆ నానబెట్టడాన్ని మాష్ అంటాం. మన ఇళ్లలో రాగిమాల్ట్ అని పిల్లలకి పట్టేది చాలాసార్లు ఉత్త రాగిపిండే, అందులో మొలక ఉండదు. మొలకెత్తించిన పిండి వేస్తే జావ పల్చబడిపోతుంది. ఇది పిల్లల తల్లులకి తెలిసినంత బాగా మా బ్రూవర్లకి కూడా తెలీదు.

అంటే గింజలో రెండున్నాయి. పిండి ఒకటి, ప్రాణం ఒకటి. పాతబడ్డంలో ఈ రెండింటి దారీ ఒకటి కాదు.

పిండి ఎంతకాలం ఉంటుందంటే, చెప్తే ఆశ్చర్యపోతారు. ఈజిప్టులో పాత ఊళ్ల తవ్వకాల్లో మూడువేల ఏళ్లు దాటిన కుండల అడుగున ఎండిపోయిన బీరు మడ్డి దొరికింది. డెల్వెన్ శామ్యూల్ అనే పరిశోధకురాలు ఆ మడ్డిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, 1996లో ప్రకటించారు. పిండి రేణువులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మీద చిన్న చిన్న గుంటలు కనిపించాయి, అవి ఎంజైములు కొరికిన గుర్తులు. మొలకెత్తించిన గింజనీ, ఉడికించిన గింజనీ కలిపి వాళ్లు బీరు చేసేవారని ఆ గుంటల్ని బట్టి ఆవిడ చెప్పగలిగారు. మూడువేల ఏళ్ల తర్వాత కూడా పిండి సాక్ష్యం చెప్పింది. అదే ఈజిప్టు సమాధుల్లో దొరికిన గోధుమలు నాటితే మొలిచాయని ఒకప్పుడు కథలు తెగ తిరిగాయి. పరీక్ష చేసి చూస్తే ఒక్కటీ మొలవలేదు. పిండి మిగిలింది, ప్రాణం పోయింది.

ప్రాణానికి శత్రువులు ఇద్దరు, చెమ్మ, వేడి. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పారు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది. నిల్వ ఉంచిన చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినా అంతే, రెట్టింపు. ఇది మోటు లెక్కే కానీ పనికొచ్చే లెక్క. దీన్ని తిరగేసి చూడండి. మన రాయగడలో ఆషాఢం మొదలు ఆశ్వయుజం దాకా గోడలు చెమరుస్తాయి, ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది. గోనెసంచిలో ఉన్న గింజ ఆ గాలిలోంచి చెమ్మ పీల్చుకుంటూనే ఉంటుంది. ప్రతి వానాకాలం దాని ఆయుష్షు కొంత తినేస్తుంది. మా మేనల్లుడుండే ఊరు చలి ప్రదేశం, పొడి గాలి. వాడి మూడేళ్లూ మన మూడేళ్లూ ఒకటి కావు.

మాల్టు సంగతి ఇంకా సున్నితం. కొత్త బార్లీ మాల్టులో తేమ నాలుగైదు శాతమే ఉంటుంది. అందుకే పంటి కింద పెడితే కరకరమంటుంది. ఏడెనిమిది శాతానికి చేరిందా, మెత్తబడిపోతుంది, ఎంజైములు నీరసిస్తాయి. గింజ గింజగా ఉంటే పొట్టు కాపాడుతుంది. గాలి చొరని డబ్బాలో, చల్లగా ఉంచితే ఏడాదికి పైగా నిశ్చింతగా వాడొచ్చు. మర పట్టించేశామా, ఆ రక్షణ పోయింది. గింజలోని కొవ్వుకి గాలి తగులుతుంది, పాత నూనె కంపు మొదలవుతుంది. మర పట్టిన మాల్టుకి నేను వారాల్లో లెక్క వేస్తాను.

ఇది నాకు పుస్తకంలోంచి తెలియలేదు. పనిలో చేరిన మొదటి ఏడు, ఆగస్టులో, మేం పనిచేసే చోట స్టోరు రూములో ఒక మూల మర పట్టిన మాల్టు ఆరు బస్తాలు ఉన్నాయి. మూతి విప్పి, మడిచి, మళ్లీ విప్పి వాడుతున్న బస్తాలు. రుచి చూడకుండా, చెయ్యి పెట్టి చూడకుండా మాష్‌లో వేశాను. గంట అయింది, అయోడిన్ చుక్క వేశాను, నీలం. నీలమంటే పిండి ఇంకా తీపిగా మారలేదని. గంటన్నర, నీలం. మూడు గంటలు నిలబడ్డాను. తీపి ఎక్కలేదు, చివరికి ఆ మొత్తం జావలా మిగిలింది. ఐదువందల లీటర్ల మాష్‌ని కాలవలోకి వదలాల్సి వచ్చింది. ఆ రోజు నా చేతిలో ఉన్న బాధ్యత అది, నేను తప్పాను. గుప్పెడు గింజ నోట్లో వేసుకుని నమిలి ఉంటే అర నిమిషంలో తెలిసిపోయేది. అప్పట్నుంచీ నమలకుండా ఏ గింజా నీళ్లలో పడలేదు నా చేతి మీదుగా.

కాబట్టి మొదట చెప్పేది అదే. నమలండి. పాత మాల్టు గింజ టప్పున విరిగి, నోట్లో కాస్త తియ్యగా కరిగితే మంచిది. బిస్కెట్ చెమ్మ పట్టినట్టు సాగితే అనుమానించండి. తర్వాత ముక్కు. గింజల్ని అరచేతిలో రుద్ది, నోటి ఆవిరి పట్టి వాసన చూడండి. పాత కాగితం వాసన వస్తే ఫర్వాలేదు, అది బీరులో కాస్త చప్పదనం తెస్తుంది, అంతే. ముక్కిపోయిన వాసన వచ్చిందా, అక్కడితో ఆగిపోండి.

ఈ ముక్కిపోవడం గురించి నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మన ఇళ్లలో ఏదీ పారేసే అలవాటు లేదు. అది మంచి అలవాటే. కానీ బూజు పట్టిన గింజని "ఉడికిస్తే పోతుందిలే" అని వాడేవాళ్లని చాలామందిని చూశాను. పోదు. ఆస్పెర్‌జిల్లస్ అనే బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషం మరిగించినా చావదు. కాలేయాన్ని పట్టుకుంటుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బన్స్‌వాడా, పంచమహల్ జిల్లాల్లో వానలో తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా చనిపోయారు. ఆ చావుల కారణం వెతికినవాళ్లలో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉన్నారు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలు, వేరే గింజ కొనుక్కునే శక్తి లేక అదే తిన్నవాళ్లు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది. పశువులకి వేసేద్దాం అనకండి, పాలలోకి కూడా వస్తుంది. బూజు గింజ మట్టిలో కలవాలి, అంతే. బ్రూవర్‌గా ఇంకో మాట కూడా చెప్పాలి. ఫ్యుజేరియం అనే ఇంకో బూజు పట్టిన బార్లీతో చేసిన బీరు సీసా మూత తియ్యగానే పొంగి గదంతా తడుపుతుంది. పెద్ద కంపెనీలు సైతం దానికి భయపడతాయి.

పక్కనే ఇంకో ప్రమాదం. విత్తనం కోసం ఉంచిన గింజ. గులాబీ రంగో ఎరుపో పూసి ఉంటే అది మందు. నాటడానికే తప్ప నోటికి పనికిరాదు. 1971-72లో ఇరాక్‌లో పాదరసపు మందు పట్టించిన విత్తన గోధుమల్ని రొట్టెలు చేసుకుని తిని ఆరువేలమందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు, వాళ్లలో 459 మంది ఆస్పత్రుల్లోనే చనిపోయారు. గింజలు కడిగితే రంగు పోయింది, మందు పోలేదు. మన గోదాముల్లో పురుగు మందు బిళ్లలు పెట్టిన బస్తాలు కూడా ఉంటాయి. ఎవరు ఎప్పుడు ఏం పెట్టారో చెప్పే మనిషి లేని బస్తా జోలికి వెళ్లకండి. నాన్న బస్తాల్ని నేను నమ్మింది ఆయన బిళ్లలు వాడేవారు కాదని మా గోదాం హమాలీ సన్యాసి మావ ప్రమాణం చేసి చెప్పాకే. ఆయన వేపాకు, వావిలాకు ఎండబెట్టి బస్తాల మధ్య పరిచేవారు. తలుపు తీసినప్పుడు ఆ ఆకుల పొడి ఇంకా ఉంది.

ఇక గింజలో ప్రాణం చూడ్డం ఎలాగో చెప్తాను. ఇది ఎవరైనా ఇంట్లో చెయ్యొచ్చు. నూరు గింజలు లెక్కపెట్టాలి. చోడిగింజలు లెక్కపెట్టడం ఓపిక పని. వేలితో పట్టుకుంటే నాలుగైదు ఒక్కసారి వస్తాయి. మా అమ్మ చీపురుపుల్ల కొస నోట్లో తడిపి, ఒక్కో గింజకీ ఆనించి, ఒక్కొక్కటిగా తడిగుడ్డ మీదకి దింపింది. పది వరసలు, వరసకి పది. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు, కళ్లద్దాలు ముక్కు మీదకి జారుతున్నాయి, ఒక్క వరస తప్పలేదు. 2014 బస్తాకి ఒక గుడ్డ, 2019కి ఒకటి, ఈ ఏడు సంతలో కొన్న చోళ్లకి ఒకటి. చుట్టి, పళ్లెంలో పెట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించాం. నాలుగో రోజు విప్పాం. కొత్తవి 94 మొలిచాయి, తెల్లటి దారాల్లా. 2019వి 31. 2014 గుడ్డ మీద ఒక్క మొలకా లేదు. అమ్మ ఆ గుడ్డ వంక చాలాసేపు చూసింది. "మీ నాన్న కొన్న గింజే కదా" అంది.

బీరు పరిశ్రమలో బార్లీ కొనేటప్పుడు నూటికి తొంభై ఐదు మొలవకపోతే వెనక్కి పంపేస్తారు. ఎందుకంత పట్టుదల అంటే, మొలవని గింజలు ఊరికే ఉండవు. తడి మీద రెండు మూడు రోజులు ఉంటాయి కదా, మొలిచేది మొలుస్తుంది, చచ్చిన గింజ కుళ్లుతుంది, దాని మీద బూజు లేచి పక్క మొలకలకి పాకుతుంది. అందుకని 31 మొలిచిన బస్తా చూసి "మూడో వంతైనా మొలుస్తున్నాయి కదా, మొలక కట్టేద్దాం" అనుకోకూడదు. అసలు మొలవని బస్తా కన్నా అదే ఎక్కువ మోసం చేస్తుంది. మొలక కట్టాలంటే బాగా మొలిచే గింజే కావాలి. మిగతాదంతా ఉడికించే వాటా.

ఇంకో సంగతి, మరీ కొత్త గింజ కూడా సరిగా మొలవదు. కోసిన వెంటనే బార్లీకి కొన్ని వారాల నిద్ర ఉంటుంది. వడ్లలో కూడా చాలా రకాలకి ఉంటుంది. చేలో ఉండగానే వాన పడితే వెన్ను మీదే మొలిచిపోకుండా ప్రకృతి పెట్టిన కట్టు అది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు కానీ గింజ విషయంలో ఆ మాట నిలవదు. బియ్యం పాతవైతేనే కదా మనం ఎక్కువ ధర పెట్టి కొంటాం, ఒదుగుతాయని, మెతుకు విడివిడిగా ఉంటుందని.

ఇదంతా నేను బెంగుళూరులో నేర్చుకున్న లెక్క. కానీ ఉడికించే వాటా, మొలక వాటా అని ఇంత తేటగా చూసింది మాత్రం ఇక్కడే, కొరాపుట్ వైపు ఒక పరజా ఆదివాసీల ఊళ్లో. మా స్నేహితుడి ఇల్లు. చైత పరబ్ పండగకి లండా చేస్తున్నారు. లండా అంటే చోళ్లతో చేసే బీరు, చిక్కగా, పుల్లపుల్లగా ఉంటుంది. తాగినట్టూ ఉంటుంది, తిన్నట్టూ ఉంటుంది. వాళ్ల అక్క పని చేస్తుంటే నేను గుమ్మం దగ్గర కూర్చుని చూస్తున్నాను. వెదురు డోలి, అంటే గింజ దాచే పెద్ద బుట్ట, దాని మీద మట్టీ పేడా మెత్తి నున్నగా అలికారు. ఆవిడ దాంట్లోంచి చోళ్లు తీసి చేటలో చెరిగి, తిరగలిలో వేసింది. ఎన్నేళ్లవి అని అడిగితే తమ్ముడి పెళ్లి నాటివంది. ఆ పెళ్లికి నేను వెళ్లాను, అప్పటికి ఆరేళ్లయింది. ఆ పిండిని తడిపి, పులవనిచ్చి, ఉడికించి ముద్ద చేసింది. మొలకపిండి మాత్రం ఆ డోలిలోది కాదు. చూరుకి వేలాడుతున్న ఒక సొరకాయ బుర్రలోంచి తీసింది. ఒడియాలో గజా అంటారు, మొలకెత్తించి ఎండబెట్టింది. అది కిందటి కోతలోది. డోలిలో అంత గింజ ఉండగా దీనికి వేరే గింజ ఎందుకని అడిగాను. డోలి వైపు చెయ్యి చూపించి, అది మొలవదు అంది. మళ్లీ పనిలో పడిపోయింది. ముద్ద చల్లారాక గజా పిండి కలిపి, కుండలో పెట్టి, మూతి కట్టేసింది. పుస్తకాల్లో చదివి, కాలవలో ఐదువందల లీటర్లు పోసి నేను తెలుసుకున్న సంగతి ఆ ఇంట్లో ఒక సొరకాయ బుర్రకీ ఒక డోలికీ మధ్య ఉంది.

బియ్యంతో చేసే హండియా అనే బీరు సంగతి ఇంకా సులువు. అక్కడ మొలకే అక్కర్లేదు. రాను అనే మందుబిళ్ల వేస్తారు. వేర్లు, ఆకులు, బియ్యప్పిండి కలిపి చేసిన బిళ్ల. అందులో ఉండే బూజులు, మంచి జాతివి, పిండిని తీపి చేసే పని చూసుకుంటాయి. అన్నం ఏ ఏటి బియ్యానిదైనా దానికి ఒకటే. బిళ్ల బాగుండాలి, బియ్యానికి ముక్కిన వాసన ఉండకూడదు. అంతే.

మన చోళ్ల సంగతిలో ఒక మార్పు చెప్పాలి. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ అనే చిరుధాన్యాల పథకం వచ్చాక, ప్రభుత్వం మద్దతు ధరకి చోళ్లు కొంటోంది. రైతు చేతికి డబ్బొస్తోంది, చాలా సంతోషం. మా నాన్నలాంటి వ్యాపారులు సంతలో చెప్పిందే ధరగా ఉన్న రోజులు పోయాయి, పోవాలి కూడా. కానీ కోసిన గింజ కోసినట్టు మండికి వెళ్లిపోతుంటే, ఆరేళ్ల గింజ ఉన్న డోలి ఇక ఎన్ని ఇళ్లలో ఉంటుంది? అమ్మేశాక మిగిలిన కాస్తలో కొంతైనా ఆ డోలిలో పడాలని నాకు గట్టిగా ఉంది.

చట్టం మాట కూడా చెప్పేస్తాను, ఎవరూ ఇబ్బందిలో పడకూడదు. మన దగ్గర లైసెన్సు లేకుండా మద్యం తయారు చెయ్యడం నేరం. ఆదివాసీలకి తమ ఇంటి వాడకానికి, పండగకి, పూజకి చేసుకునే దాంట్లో కొంత వెసులుబాటు ఉంది. అది వాళ్ల ఆచారానికి ఇచ్చిన గౌరవం, దాన్ని మనం వాడుకోకూడదు. నేను ఇంట్లో చేసేది మొలక, జావ, ఈ ఫ్లాస్కుల పరీక్ష. ఈస్ట్ వెయ్యను. ఎవరికైనా బీరు చెయ్యాలని ఉంటే ముందు ఎక్సైజ్ ఆఫీసుకి వెళ్లి అడగండి.

మేనల్లుడి బస్తా ఏమైందో చెప్పలేదు కదా. గింజగానే ఉంది, మర పట్టలేదు. నమలమన్నాను, కరకరమంది అన్నాడు. వాసన చూడమన్నాను, ఏమీ లేదన్నాడు. అయితే ముందు వంద గ్రాములతో మాష్ పెట్టి చూడమన్నాను. గంటకి అయోడిన్ ఊదాగా తిరిగింది, గంటన్నరకి మాత్రం అయోడిన్ తన సొంత రంగులోనే ఉండిపోయింది. అంటే ప్రాణం ఉంది, నీరసంగా ఉంది. అలాంటప్పుడు ఇరవై లీటర్ల బీరుకి మామూలుగా వేసే నాలుగున్నర కిలోలకి బదులు నాలుగు కిలోలు పాతది, ఒక కిలో కొత్త మాల్టు కలపమన్నాను. మాష్ గంటకి బదులు గంటన్నర ఉంచమన్నాను. కొత్త దాంట్లో ఎంజైములు తన పిండికి సరిపోగా ఇంకా మిగులుతాయి, అవి పాతదాన్ని కూడా లాక్కుపోతాయి. చేశాడు. రంగు బాగుంది, మాల్టు కమ్మదనం కాస్త తక్కువ ఉంది అన్నాడు. వాడి దగ్గర నల్లగా వేయించిన మాల్టు కూడా కొంత ఉంది. దానికి ఈ బాధ లేదు. వేయించినప్పుడే దాని ఎంజైములు పోయాయి, కొత్తదైనా పాతదైనా అది ఇచ్చేది రంగు, మాడు రుచే. సువాసన తగ్గి ఉంటుంది, రెండు గుప్పెళ్లు ఎక్కువ వేసుకుంటే సరి.

ఏమ్మా, అడుగు. "మెత్తబడిన మాల్టుని వేయిస్తే మళ్లీ బాగవుతుందా?" మంచి ప్రశ్న. కరకర వస్తుంది, ప్రాణం రాదు. ఎండలో పల్చగా ఆరబోసి చెమ్మ తియ్యడం వరకు మంచిదే, ఇంకా పాడవకుండా ఆపుతుంది. మూకుట్లో వేయించావంటే మిగిలిన ఎంజైములు కూడా పోతాయి. ఉడికించే వాటాలో వేసేదైతే వేయించుకో, కమ్మగా ఉంటుంది.

నాన్న బస్తాల్లో 2014ది, 2019వి విసిరించాను. ఇందాక ఫ్లాస్కుల్లో పోసిన జావ 2014 బస్తాది. ఒక్క గింజా మొలవని బస్తా.

ఇప్పుడు తెరుద్దాం. కొంచెం దగ్గరికి రండి, పిల్లల్ని ముందుకి రానివ్వండి. మొదటి ఫ్లాస్కు వంచుతున్నాను. రావట్లేదు చూడండి, ముద్దలా జారుతోంది. పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మూడోది, నాలుగేళ్ల పాత మొలకపిండిది. కాస్త వదులైంది, అయినా చిక్కగానే ఉంది. రెండోది... చూశారా, మజ్జిగలా పడిపోతోంది. పోసింది అదే గిన్నెలోని జావ.

తెల్ల పళ్లెంలో మూడు చోట్ల ఒక్కో చెంచా వేశాను. చల్లారనిద్దాం, వేడి మీద అయోడిన్ రంగు చూపించదు. పొట్టు ముక్కలు ఎలాగూ నల్లబడతాయి, వాటిని చూడకండి, నీటిని చూడండి. చల్లారింది. చుక్క మొదటి దాంట్లో. సిరా పోసినట్టు నీలం. మూడో దాంట్లో, అదీ ముదురు ఊదా. రెండో దాంట్లో... అయోడిన్ ఏ రంగులో ఉందో అదే రంగు, తేనె రంగు. పిండి లేదు, మొత్తం తీపైంది.

ఈ రెండో ఫ్లాస్కులో మిగిలింది చిన్న గ్లాసుల్లో పోస్తాం. అయోడిన్ వేసిన పళ్లెం పక్కన పెట్టెయ్యండి, అది ఎవరూ ముట్టుకోవద్దు. అమ్మా, మొదటి గ్లాసు నీకు. పంచదార వెయ్యలేదు. నాన్న చోళ్లు, రుచి చూడు.